ఆరేళ్ళు దాటిన మా టెక్కలి రాయి వంటగట్టు

మా ఇల్లు శ్రీకాకుళంలో, అరసవల్లి వెళ్ళే దారిలో. 1998లో మా మామయ్యగారు ఇల్లు కట్టించినప్పుడు వంటగట్టుకి కడప బండ వేయించారు. అప్పట్లో మా వీధిలో ఎవరింట చూసినా అదే. ఇరవై ఏళ్ళు అత్తయ్యగారూ నేనూ దాని మీదే వండాం. బరువులకి, వేడికి ఎంత ఓర్చుకుందో చెప్పలేను. దానికి పడనిదల్లా పులుపే. కడప బండ సున్నపురాయి జాతిది, పులుపు తగిలితే పైపొర తినేస్తుంది. పొయ్యి పక్కన చింతపండు నానబెట్టే గిన్నె ఎప్పుడూ ఒకే చోట ఉండేది. అక్కడ గిన్నె అడుగంత మేర గుండ్రంగా తెల్లబారిపోయి, వేలితో రాస్తే గరగరమనేది. ఎంత తోమినా ఆ మచ్చ పోలేదు.

2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి వంటింటి కిటికీ రెక్క ఊడిపోయి వాన లోపలికి కొట్టింది. గట్టు కింద చెక్క అరలు నాని ఉబ్బిపోయాయి. ఎలాగూ అరలు మార్చాలి, పనిలో పనిగా గట్టు కూడా మార్చేద్దాం అన్నారు మావారు. మాడ్యులర్ కిచెన్ వాళ్ళని పిలిస్తే క్వార్ట్జ్ గట్టుతో కలిపి లక్షా ఇరవై వేలు చెప్పారు. అంత మా వల్ల కాదు. అయినా క్వార్ట్జ్ అంటే రాతి పొడిని రెజిన్ అనే జిగురుతో కలిపి పోసిన పలక. పొయ్యి మీంచి దించిన మూకుడు దాని మీద నేరుగా పెడితే మచ్చ పడుతుంది. మా ఇంట్లో మూకుడు కింద మ్యాట్ వేసే అలవాటు ఎవరికీ లేదు. టైల్స్ చవకే కానీ, వాటి సందుల్లో చేరే జిడ్డు గురించి మా చెల్లెలు రోజూ చెప్పుకుని బాధపడేది.

అప్పుడు టెక్కలి గుర్తొచ్చింది. మన జిల్లా నీలి గ్రానైటు ఎక్కడెక్కడి దేశాలకో వెళ్తోంది, మన ఇంటికెందుకు రాకూడదు అనిపించింది. 2019 సంక్రాంతి వెళ్ళాక ఓ ఆదివారం బస్సెక్కి వెళ్ళాం. పాలిష్ చేసే చోట పెద్ద పలకలు కోయగా మిగిలిన ముక్కలు గోడకి ఆనించి ఉంచుతారు. పెద్ద ఆర్డర్లకి పనికిరావు గానీ ఒక వంటింటికి చక్కగా సరిపోతాయి. బూడిద కలిసిన నీలం రంగు, మధ్యలో అలల్లాగా తెల్ల చారలు. చదరపు అడుగు తొంభై రూపాయలకి ఇచ్చారు.

ముక్కలు ఎంచేటప్పుడు నేను చేసిన ఒక్క మంచి పని, నీళ్ళ సీసా వెంట తీసుకెళ్ళడం. పొడిగా ఉన్నప్పుడు అన్నీ బాగానే కనిపిస్తాయి. నీళ్ళు పోసి తుడిచాక రెండు నిమిషాలు ఆగి చూడండి. వెంట్రుకంత పగులు ఉంటే అక్కడ తడి ఆరక నల్లటి గీతలా నిలుస్తుంది. ఆ రోజు అలాంటివి రెండు పలకలు పక్కన పెట్టించాను. నల్ల గ్రానైటు కొనేవాళ్ళు థిన్నర్‌లో ముంచిన దూదితో రుద్ది చూడాలి. రంగు వేసిన రాయైతే దూది నల్లబడుతుంది.

మాది తొమ్మిది అడుగులు, ఆరు అడుగులుగా మలుపు తిరిగిన గట్టు. రెండడుగుల వెడల్పుతో మొత్తం 30 చదరపు అడుగులు. రాయికి 2,700, టాటా ఏస్‌కి 1,800, ముందు అంచు గుండ్రంగా తీయడానికి 900, సింకు కోతకి 800, మేస్త్రీకి, హెల్పర్‌కి మూడు రోజులకి 3,600, స్టీలు సింకుకి 2,900, సిమెంటు ఇసుకకి 1,100, ప్లంబర్‌కి 1,000. అంతా కలిపి 14,800. అరల ఖర్చు వేరు. ఇవి 2019 నాటి ధరలు. కూలీ ఇప్పుడు బాగా పెరిగింది.

పాత బండ మీదే కొత్త రాయి పరిచేస్తే పగలగొట్టే ఖర్చు మిగులుతుందని మేస్త్రీ గారు చెప్పారు. నేను ఒప్పుకోలేదు. రాయి, కింద సిమెంటు మాలు కలిసి అంగుళంన్నర లేస్తుంది. అత్తయ్యగారు పొట్టి మనిషి, పొయ్యి మీద గిన్నెలోకి తొంగి చూడాలంటే మునివేళ్ళ మీద నిలబడాల్సి వచ్చేది. పాత బండ తీయించి పెరట్లో బట్టలు ఉతుక్కోవడానికి వేయించాం. అక్కడ ఇప్పటికీ గట్టిగా ఉంది.

ఇక మేం చేసిన తప్పు చెప్తాను, ఎందుకంటే అసలు సంగతి అదే. మిగులు ముక్కలు పొట్టివి కావడంతో రెండు ముక్కలు కలిసే చోటు సరిగ్గా సింకు మధ్యకి వచ్చింది. ఆ అతుకుని తెల్ల సిమెంటుతో పూడ్చారు. చూడ్డానికి బాగుంది, అదనంగా ఖర్చు లేదు. ఏడాది తిరక్కుండా సింకు ముందున్న సన్నటి పట్టీ దగ్గర సిమెంటు పొరలుగా లేవడం మొదలైంది. గిన్నెలు తోమేటప్పుడు ఒలికిన నీళ్ళు ఆ సందులోంచి దిగేవి. ఓ వర్షాకాలం రాత్రి అర తలుపు తీస్తే గుప్పున ముక్కిపోయిన వాసన కొట్టింది. కొత్త ప్లైవుడ్ చివరలు విచ్చుకున్నాయి, లోపల బొద్దింకలు. పప్పుల డబ్బాలన్నీ నేల మీదకి దించి కూర్చుంటే ఏడుపొచ్చింది. తుపానుకి పాడైనవి మార్చి రెండేళ్ళు కాలేదు, మళ్ళీ అదే చోటు పాడైంది.

2021లో ఇంకో మేస్త్రీ గారు వచ్చి చూశారు. "అమ్మా, రాయి బంగారంలా ఉందండి. అతుకే నీళ్ళలో పెట్టేశారు" అన్నారు. సిమెంటంతా గీకి తీసి, రాయి రంగు కలిపిన ఎపాక్సీ అనే గట్టి జిగురుతో పూడ్చారు. సింకు చుట్టూ సిలికాన్ పట్టించారు. ఇంకో పని కూడా చేశారు, దాని గురించి నేను అప్పటిదాకా వినలేదు. గట్టు ముందు అంచు అడుగున, బయటికి కనిపించకుండా కట్టర్‌తో సన్నటి గాడి తీశారు. అంచు మీంచి జారిన నీళ్ళు రాయి అడుగునే పాకి అరలోకి వెళ్ళకుండా ఆ గాడి దగ్గర బొట్టుగా రాలిపోతాయి. మొత్తం 2,400 అయింది. కొత్తగా వేసేటప్పుడైతే రాయి బోర్లించి పది నిమిషాల్లో తీసేయొచ్చట. మా ఇంట్లో మాత్రం ఆయన గట్టు కిందకి దూరి, వెల్లకిలా పడుకుని, ముఖానికి తువ్వాలు చుట్టుకుని తీయాల్సి వచ్చింది.

అప్పట్నుంచి చుక్క నీరు కారలేదు. సిలికాన్ ఒకసారి నల్లబడితే కోసి మార్చాం, అంతే.

రోజువారీ వాడకంలో ఈ రాయి మీద నాకు పూర్తి నమ్మకం. ఆవకాయ రోజుల్లో గట్టు నిండా మామిడి ముక్కలు, ఉప్పు, కారం, ఆవపిండి. తడిబట్టతో తుడిస్తే సరి. పనసకాయ కోసిన రోజు జిగురు అంటుకుంటుంది. నీళ్ళతో రుద్దితే ఇంకా పాకుతుంది, ముందు నూనె రాసి తర్వాత సబ్బు పెట్టాలి. పసుపు మరక ఒక్కటీ నిలవలేదు. చింతపండు గిన్నె అత్తయ్యగారు ఇప్పటికీ అదే మూల పెడతారు, కింద మెరుపు మెరుపుగానే ఉంది.

నూనె దగ్గర మాత్రం జాగ్రత్త పడాలి. తెల్ల చారలున్న చోట రాయి కాస్త పీల్చుకుంటుంది. నూనె క్యాను ఉంచిన చోట అరచేయంత ముదురు మచ్చ పడింది. వంటసోడా ముద్దలా కలిపి రాత్రంతా పట్టించి ఉంచితే చాలావరకు లాగేసింది, పూర్తిగా పోలేదు. అప్పుడు రాయి పీల్చుకోకుండా పైన పూసే సీలర్ పూయించాం. మొదటి రోజే పూయించి ఉండాల్సింది. బోరు నీళ్ళ తెల్ల పొర పోవడానికని బాత్రూం యాసిడ్ మాత్రం వాడకండి, పాలిష్ పోతుంది.

ఈ వేసవిలో ఆమదాలవలసలో మా అమ్మావాళ్ళ వంటింటికి కూడా ఇదే రాయి వేయిస్తున్నాం. ఈసారి సింకు ఎక్కడ వస్తుందో కాగితం మీద కొలతలతో గీసుకుని, టేపు పట్టుకుని టెక్కలి వెళ్ళాను. సింకు వైపుకి అతుకు లేకుండా ఏడున్నర అడుగుల ముక్క దొరికేదాకా మూడు చోట్ల తిరిగాను. నాలుగు వందలు ఎక్కువైంది. గాడి అక్కడే తీయించేశాను.