విజయనగరంలో రెండు నాటకం రాత్రులు: ఏం కట్టుకోవాలి, ఎక్కడ తినాలి, ఎక్కడ దిగాలి

మా మామగారికి 79 ఏళ్లు. పార్వతీపురం దగ్గర పల్లెలో పుట్టి, బళ్లో తెలుగు చెప్పి రిటైరయ్యారు. చిన్నప్పుడు ఎడ్లబండి కట్టుకుని వెళ్లి తెల్లవార్లూ చూసిన పద్యనాటకాల గురించి హైదరాబాద్ ఫ్లాట్‌లో కూర్చుని ఆయన చెబుతుంటే ఇరవై ఏళ్లుగా వింటున్నాను. డిసెంబరులో విజయనగరంలో వరసగా రెండు రాత్రులు నాటకాలున్నాయని, శుక్రవారం రాయబారం, శనివారం హరిశ్చంద్ర అని బంధువొకాయన ఫోన్ చేశారు. మర్నాడే టికెట్లు తీశాం. విశాఖ దాకా రైలు, అక్కణ్ణుంచి అరవై కిలోమీటర్లు కారు.

ఆ రెండు రాత్రుల్లో మొదటిది మాకు సరిగా కుదరలేదు. రెండోది మామగారు బతికున్నంత కాలం చెప్పుకునేలా కుదిరింది. నాటకాలు రెండూ బాగా ఆడారు. తేడా అంతా మేం కట్టుకున్న బట్టల్లో, తిన్న వేళలో, దిగిన గదిలో ఉంది. పెద్దవాళ్లను తీసుకుని ఇలాంటి కార్యక్రమానికి వెళ్లాలనుకునే వాళ్లకు పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

శుక్రవారం నేను కంచిపట్టు చీర కట్టుకున్నాను. చాలా రోజుల తర్వాత నాటకానికి వెళ్తున్నాం, పెళ్లికి వెళ్లినట్టే వెళ్లాలనిపించింది. మావారు ప్యాంటు, కోటు. మామగారికి కొత్త పట్టుపంచె. వేదిక ఆరుబయట మైదానంలో. ఆనందగజపతి ఆడిటోరియంలోనో గురజాడ కళాభారతిలోనో అయితే నాలుగు గోడల మధ్య కూర్చుంటాం, ఏం కట్టుకున్నా గడిచిపోతుంది. ఆరుబయట ప్లాస్టిక్ కుర్చీలో నాలుగు గంటలు కూర్చోవడం వేరు. పట్టుపంచె కుర్చీ మీద జారిపోతూ ఉంటే మామగారు పద్యం వినడం మాని పంచె సర్దుకోవడంతోనే సరిపోయింది. పది దాటాక మంచు మొదలైంది. నా చీర భుజం మీద చెమ్మగా తగులుతోంది. మావారు కోటు విప్పి నాన్నగారికి కప్పారు. మా ముందు వరసలో ఊళ్లోవాళ్లు మాత్రం నూలు పంచెలు, నూలు చీరలు, చెవుల మీదుగా మఫ్లరో శాలువానో చుట్టుకుని హాయిగా కూర్చున్నారు. పద్యం చివర రాగం సాగదీస్తే "వన్స్ మోర్" అంటున్నారు. నటుడు హార్మోనియం వైపు ఒకసారి చూసి మళ్లీ ఎత్తుకుంటున్నాడు.

ఈ వన్స్ మోర్ గురించి ముందే తెలుసుకుని వెళ్లాలి. కరపత్రంలో పదకొండుకి అయిపోతుందని ఉంటే ఒంటిగంట అనుకోండి. మేం అది తెలియక, నాటకం అయ్యాక తీరిగ్గా మంచి హోటల్లో భోంచేద్దాం అనుకున్నాం. బయటికొచ్చేసరికి ఊరంతా మూసేశారు. మామగారికి షుగర్. ఆయన జేబులో నాలుగు బిస్కెట్లు ఉండబట్టి సరిపోయింది, లేకపోతే ఆ రాత్రి ఏమయ్యేదో ఇప్పుడు తలుచుకున్నా నాకు భయమే. లాడ్జికి వస్తే గేటుకి తాళం. ఆ లాడ్జి పేరు చెప్పను. గది శుభ్రంగానే ఉంది, పొద్దున్న వేణ్ణీళ్లు కూడా వచ్చాయి. కానీ పదకొండుకి గేటు వేసేస్తామని దిగేటప్పుడు ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. ముప్పావుగంట రోడ్డు మీద నిలబడ్డాం, ఆ మంచులో, ఆకలితో ఉన్న పెద్దాయనతో.

పొద్దున్నే గది మార్చాం. ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర ఒక మామూలు హోటల్. ముందరి దానికంటే గది చిన్నది, మంచాలు పాతవి. అయినా రాత్రంతా వాచ్‌మన్ ఉంటాడు, లిఫ్టు ఉంది, కింద అడుగు పెడితే ఆటోలు. నాటకం కోసం వచ్చేవాళ్లకి ఈ మూడూ చాలు. అడగాల్సింది ఏసీ, టీవీ గురించి కాదు, "రాత్రి రెండింటికి వస్తే గేటు తీస్తారా?" అని. ఇంకో సంగతి. దసరా వెళ్లాక వచ్చే మంగళవారం పైడితల్లమ్మ సిరిమానోత్సవం జరుగుతుంది. ఆ రోజుల్లో ఊళ్లో గది దొరకడం కష్టం. విశాఖలో దిగి వచ్చిపోవడం మేలు.

గది మారాక నాకు బట్టల బెంగ పట్టుకుంది. కొత్త హోటల్ కౌంటర్ దగ్గర ఉన్న పెద్దాయన్ని, ఇక్కడ మంచి నూలు పంచె ఎక్కడ దొరుకుతుందని అడిగాను. "పొందూరు ఉండగా ఇంకేటమ్మా" అన్నాడు.

పొందూరు శ్రీకాకుళం జిల్లాలో ఉంది. విజయనగరం నుంచి శ్రీకాకుళం రోడ్డు స్టేషన్ వైపు వెళ్లే రైలు మార్గంలో చీపురుపల్లి, సిగడాం దాటాక వస్తుంది. మేం కారులో వెళ్లాం. ఊళ్లో అడిగితే ఖాదీ సంఘం ఎక్కడో ఎవరైనా చూపిస్తారు. అక్కడ పత్తిని దువ్వడానికి వలుగ చేప దవడ వాడతారని చదివాను కానీ కళ్లతో చూడటం అదే మొదలు. సన్నని పళ్లున్న ఆ ఎముకతో ఒకావిడ గుప్పెడు పత్తిని మెల్లగా దువ్వుతోంది. గింజకి అంటుకున్న పోగులు ఒక్కటీ తెగకుండా వరసగా, తిన్నగా వస్తున్నాయి. దువ్వాక గింజ తీస్తారు, ఏకుతారు, ఏకులు చేసి రాట్నం మీద వడుకుతారు. అన్నీ చేత్తోనే. నూరో నంబరు నూలు, అంటే చాలా సన్నని దారం, ఇలా చేత్తో తీస్తున్నారంటే, ఒక పంచె వెనక ఎన్ని రోజులుంటాయో అక్కడ నిలబడితే అర్థమవుతుంది. ధర వేలల్లో ఉంటుంది. మావారు వెనకాడారు. నేను మాత్రం బేరం ఆడలేదు, ఆడబుద్ధి కాలేదు. అక్కినేని నాగేశ్వరరావుగారు కట్టిన పంచెలు ఇవేనని మామగారు దారంతా చెబుతూనే ఉన్నారు. ఆయనకి అంచు పంచె ఒకటి, ఉత్తరీయం ఒకటి తీసుకున్నాం. నాకు తెల్లటి చీర, సన్న అంచుది. మావారికి లాల్చీ గుడ్డ కొన్నాం కానీ ఆ పూటకి కుట్టేవాళ్లెవరు? ఆయన తన పాత నూలు చొక్కాతోనే వచ్చారు.

ఆ పంచె గురించి ఒక్క మాట. చేతిలో పట్టుకుంటే బరువుండదు, కానీ కడితే నిలుస్తుంది. జారదు. నాలుగు గంటలు కూర్చున్నా చెమట పట్టనివ్వదు. చలికి మాత్రం ఆగదు, అందుకని పైన ఉన్ని శాలువా తప్పనిసరి. ఆడవాళ్లకీ అంతే: నూలు చీర, చేతులు పొడుగున్న జాకెట్టు, శాలువా, తలకి కట్టుకోవడానికి ఒక స్కార్ఫ్. మైదానం మట్టి కాబట్టి మడమల చెప్పులు వద్దు. నగలు ఎక్కువ పెట్టుకుని రాత్రి రెండింటికి ఆటో ఎక్కడం కూడా వద్దు. పిల్లలు జీన్స్‌లో వస్తే ఎవరూ ఏమీ అనరు. కానీ వేదిక మీద వాళ్లు మూడు గంటలు కూర్చుని రంగు వేసుకుంటారు, కిరీటాలు మోస్తారు. ఎదురుగా కూర్చునే మనం ఉతికి ఇస్త్రీ చేసిన బట్టలు కట్టుకోవడం వాళ్లకి ఇచ్చే మర్యాద అని నేను గట్టిగా నమ్ముతాను.

పొందూరు నుంచి తిరిగొచ్చేసరికి రెండయింది. ఒక మెస్‌లో అరిటాకు భోజనం. కంద బచ్చలి కూరకి ఆవ పెట్టారు. ఆ ఘాటు ముక్కు దాకా వెళ్లి దిగుతుంది. గుమ్మడికాయ దప్పళం, మజ్జిగ మిరపకాయలు. మెనూ పుస్తకాలున్న పెద్ద ఏసీ రెస్టారెంట్‌లో శుక్రవారం మధ్యాహ్నం తిన్నాం, అక్కడ వడ్డించినవి హైదరాబాద్‌లో దొరికేవే. ఈ ఊళ్లో ఈ ఊరి వంట తినాలంటే మెస్‌కే వెళ్లాలి, అదీ ఒంటిగంటలోపు. మేం వెళ్లేసరికి కూర అడుగంటింది, అయినా మామగారి విస్తట్లో మొత్తం గీకి వేశారు.

భోజనం మాట వస్తే ఈ ఊళ్లో ఇంకో కథ ఉంది. సాయంత్రం మహారాజా సంగీత కళాశాల దాకా నడిచాం. 1919లో పూసపాటి విజయరామ గజపతిరాజు పెట్టిన కళాశాల ఇది. చూపు లేని ఒక పిల్లవాడికి సంగీతం నేర్పించడం కోసం మొదలైందని చెబుతారు. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు మొదటి ప్రిన్సిపాల్. ద్వారం వెంకటస్వామి నాయుడు ఇక్కడ వయొలిన్ నేర్పారు, తర్వాత ఆయనా ప్రిన్సిపాల్ అయ్యారు. పి. సుశీల ఇక్కడ చదివారు. ఘంటసాల కూడా. ఆయన పట్రాయని సీతారామశాస్త్రిగారి దగ్గర పాఠం చెప్పించుకుంటూ, జోలె పట్టి ఇంటింటికీ మధూకరానికి వెళ్లి కడుపు నింపుకున్నారు. మామగారు ఆ గేటు దగ్గర నిలబడి, "ఈ వీధుల్లో ఏ ఇల్లాలు ఆయనకి అన్నం పెట్టిందో కదమ్మా" అన్నారు. ఆ మాట విన్నాక కూర ఏ హోటల్లో బాగుందని లెక్కలు వేసుకోవడం నాకు కాసేపు ఇబ్బందిగా అనిపించింది.

సాయంత్రం ఆరింటికి టిఫిన్. గంటస్తంభం వైపు వెళ్లే దారిలో చిన్న హోటల్, నాలుగు బల్లలు. పెసరట్టు, ఇడ్లీ, బొంబాయి చట్నీ. ముగ్గురం నిండుగా తిన్నాం, మూడొందలు కాలేదు. మామగారికి మరో నాలుగు ఇడ్లీలు కట్టించుకుని, ఫ్లాస్కులో పాలు పోయించుకున్నాం. ఏడున్నరకి మైదానంలో ఉన్నాం, మూడో వరసలో, హార్మోనియం వైపు. ఆ వైపు కూర్చుంటే నటుడు శ్రుతి అందుకోవడం కూడా కనిపిస్తుంది. ఆటో అబ్బాయి నంబరు తీసుకుని, ఒంటిగంటకి రమ్మని ముందే మాట్లాడుకున్నాం.

ఈ ఊరికి నాటకం కొత్త కాదు. గురజాడ కన్యాశుల్కం మొదటిసారి ఆడింది 1892లో, ఇక్కడే. ఆ రాత్రి ప్రేక్షకుల్లో కూర్చుంటే అది తెలుస్తుంది. కాటిసీను మొదలయ్యేసరికి పదకొండు దాటింది. వేదిక మీద దీపాలు తగ్గించారు. పల్లీల బండి వాడు కూడా గరిట చప్పుడు ఆపేశాడు. హరిశ్చంద్రుడు కర్ర భుజాన వేసుకుని వచ్చి మొదటి పద్యం ఎత్తుకోగానే మామగారు కళ్లు మూసుకున్నారు. పెదాలు కదులుతున్నాయి. ప్రతి పద్యం ఆయనకి వచ్చు. మధ్యలో పంచె సర్దుకోలేదు, చలి అనలేదు, ఆకలి అనలేదు. మూడు వన్స్ మోర్‌లు పడ్డాయి, మూడో దానికి మామగారి గొంతు కూడా కలిసింది. ఆ గొంతు అంత గట్టిగా నేనెప్పుడూ వినలేదు.

ఒంటిగంటన్నరకి ఆటో వచ్చింది. హోటల్ ముందు దిగేసరికి వాచ్‌మన్ కుర్చీలోంచి లేచి తలుపు తీసి, "బాబూ, కాటిసీను బాగా ఆడేరేటి?" అని అడిగాడు. తనకి డ్యూటీ, చూడటానికి రాలేకపోయాడట. మేం లిఫ్టు దగ్గరకి నడిచాం. మామగారు రాలేదు. వెనక్కి తిరిగి చూస్తే మెట్ల మీద కూర్చుని, ఉత్తరీయం ఒళ్లో పెట్టుకుని, ఆ వాచ్‌మన్‌కి మొదటి పద్యం పాడి వినిపిస్తున్నారు.