ఏఐని పట్టిస్తానన్న సాఫ్ట్‌వేర్: ఒక ఒంగోలు లెక్చరర్ రివ్యూ

మా కాలేజీ వాళ్లు ఏఐ డిటెక్టర్ ఒకటి కొన్నారు. పేరు చెప్పను. పీడీఎఫ్ ఎక్కిస్తే నిమిషంలో రంగుల రిపోర్టు ఇస్తుంది, పైన పెద్ద అంకెల్లో, అందులో ఎంత భాగం ఏఐ రాసిందో చెప్పే ఒక శాతం. మనం డబ్బు కట్టేది ఆ శాతం కోసమే. దానికి నేనిచ్చే మార్కులు ఐదుకి ఒకటిన్నర.

నేను డిగ్రీ పిల్లలకి ఎకనామిక్స్ చెప్తాను. మొదటి సంవత్సరం అయ్యాక వాళ్లు ఏదో ఒక ఊళ్లో 180 గంటల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు చెయ్యాలి. ఇంటింటి సర్వే, లాగ్‌బుక్, రిపోర్టు, ఆపైన వైవా. చాట్‌జీపీటీ 2022 నవంబరులో వచ్చాక ఈ రిపోర్టుల్లో ఇంగ్లీషు ఉన్నట్టుండి దొరల ఇంగ్లీషైపోయింది. దాన్ని పట్టుకోవడానికే మావాళ్లు ఈ సాఫ్ట్‌వేర్ తెచ్చారు.

కనిగిరి వైపు నుంచి వచ్చే ఒకమ్మాయి ఫ్లోరైడ్ నీళ్ల మీద ప్రాజెక్టు చేసింది. రిపోర్టుకి 82 శాతం ఏఐ అని వచ్చింది. పిలిచి అడిగితే, "ఏంది సార్, నేను రాసిందే నాది కాదంటే ఎట్టా?" అని లాగ్‌బుక్ నా ముందు పెట్టింది. చెమటకి మూలలు మెత్తబడిన పుస్తకం. ఏ ఇంట్లో బోరు నీళ్లు తాగుతున్నారు, ఎవరు క్యాన్ కొంటున్నారు, క్యాన్‌కి నెలకెంత అవుతోంది, ఎవరికి పళ్ల మీద గార మచ్చలున్నాయి, ఏ ముసలాయన మోకాళ్లు వంగక మంచం దిగలేకపోతున్నాడు, అన్నీ తెలుగులో రాసుకుంది. ఒక పేజీలో సగం రాసి కొట్టేసి, పక్కన "వీళ్లు చెప్పలేదు, కోపంగా ఉన్నారు" అని ఉంది. ఇలాంటిది ఏ ఏఐ రాస్తుంది?

మరి 82 ఎందుకొచ్చింది? ఈ డిటెక్టర్లు చాలావరకు చూసేది తర్వాతి మాటని ఎంత తేలిగ్గా ఊహించవచ్చన్నదే. తెలుగు మీడియంలో చదివి, గైడ్లలో బట్టీపట్టిన వాక్యాలతో ఇంగ్లీషు రాసే పిల్ల మాటలు తేలిగ్గానే ఊహకి అందుతాయి. 2023లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఏడు డిటెక్టర్లకి టోఫెల్ అనే ఇంగ్లీషు పరీక్ష కోసం రాసిన 91 వ్యాసాలిచ్చారు. అన్నీ ఇంగ్లీషు మాతృభాష కానివాళ్లు రాసినవే. సగటున 61 శాతం వ్యాసాలని అవి ఏఐ ఖాతాలో వేశాయి. అమెరికా ఎనిమిదో తరగతి పిల్లల వ్యాసాల జోలికి మాత్రం దాదాపు పోలేదు.

నాకూ ఒళ్లు మండి 2014లో టైపు చేసిన నా సొంత నోట్సు ఎక్కించాను. 64 శాతం! చాట్‌జీపీటీ పుట్టకముందే నేను దాన్ని వాడేశానన్నమాట.

ఇంకో కుర్రాడిది నాగులుప్పలపాడు వైపు ఊరు. శనగ, పొగాకు పండే నేల. వాడి రిపోర్టులో ఆ ఊరి ప్రధాన పంట గోధుమ. దానికి వచ్చిన ఏఐ శాతం 4. కర్నూలు రోడ్డు పక్క ఒక డీటీపీ షాపులో బైండింగ్ రేట్ల కింద "ఏఐ తగ్గించబడును, పేజీకి 10 రూపాయలు" అని కాగితం అంటించారు. మనవాడు అక్కడ కడిగించి తెచ్చాడు. వైవాలో "ఏ బజారులో తిరిగావురా, క్యాన్ నీళ్లు ఎంతకమ్ముతున్నారు అక్కడ?" అన్నా. మనిషి నేల చూపులు. రెండు నిమిషాల్లో తేలిపోయింది, పైసా ఖర్చు లేకుండా.

ఒకటిన్నర మార్కులైనా ఎందుకంటే, కాపీ చూపించే భాగం బాగానే ఉంది. సీనియర్ల రిపోర్టులు దించేస్తే వాక్యం పక్కనే మూలం చూపిస్తుంది. పరిశోధన సిద్ధాంత గ్రంథాల్లో పోలిక 10 శాతం దాటకూడదని యూజీసీ 2018లోనే నిబంధన పెట్టింది కాబట్టి ఈ భాగం ఎటూ కావాలి. కాపీకి మూలం చూపించి తగువు తీర్చొచ్చు. ఏఐ శాతానికి చూపించేందుకు ఏముంది? తెలుగు పేరా ఎక్కిస్తే ఈ భాష మాకు రాదని చేతులెత్తేసింది. కస్టమర్ కేర్ వాళ్లనడిగితే "శాతం సూచన మాత్రమే సార్" అన్నారు. ఆ మాట రిపోర్టు మీద కనపడీ కనపడని అక్షరాల్లో ఉంది, 82 మాత్రం ఎర్రగా అరచెయ్యంత ఉంది.

పెద్ద యూనివర్సిటీలు ఈ ముచ్చట ఎప్పుడో చూశాయి. అమెరికాలో వాండర్‌బిల్ట్ 2023 ఆగస్టులోనే టర్నిటిన్ అనే కంపెనీ ఏఐ డిటెక్టర్‌ని ఆపేసింది. కంపెనీ చెప్పిన ఒక్క శాతం తప్పునే నమ్మినా, ఏడాదికి 75,000 పేపర్లలో ఓ 750 పేపర్ల మీద అన్యాయంగా నింద పడుతుందని వాళ్ల లెక్క. చాట్‌జీపీటీ చేసిన ఓపెన్‌ఏఐ కూడా తన డిటెక్టర్‌ని ఆరు నెలలకే, 2023 జులైలో, సరిగా పట్టడం లేదని వెనక్కి తీసుకుంది. సిడ్నీ యూనివర్సిటీ పరీక్షలని రెండు దారులు చేసింది: కళ్లెదుట రాయించేవి కొన్ని, ఏఐ వాడుకోనిచ్చేవి కొన్ని.

రెన్యువల్ ఫైలు ఇప్పుడు ప్రిన్సిపాల్ గారి టేబుల్ మీద ఉంది. కాపీ చూసే ప్యాకేజీ ఒక్కటే తీసుకుందామని, ఏఐ భాగానికయ్యే డబ్బుతో వైవాకి ఇంకో ఇద్దరు గెస్ట్ లెక్చరర్లని పిలుద్దామని నోట్ రాసిచ్చాను. "అందరూ కొంటున్నారు కదండీ, కాలేజీకి గ్రేడివ్వడానికి నాక్ వాళ్లొచ్చి అడిగితే?" అంటున్నారాయన. మీ కాలేజీకి ఇలాంటి కంపెనీ డెమోకి వస్తే, వాళ్ల శాంపిల్స్ పక్కన పెట్టి, 2022కి ముందు మీ పిల్లలు రాసిన రిపోర్టులు ఓ పది ఎక్కించమనండి.