రెడీమేడ్ ప్రభురాత్రి భోజనం కప్పులు వాడి చూశాక

జడ్చర్ల దగ్గర మా ఊరి చర్చిలో నెలనెలా మొదటి ఆదివారం ప్రభువు బల్ల ఉంటుంది, అంటే యేసును జ్ఞాపకం చేసుకుంటూ అందరం రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ఆరాధన. ముందురోజు రాత్రి పులియని గోధుమ రొట్టె కాల్చేది నేనే, పదకొండేళ్లుగా. పోయిన నెల మా అమ్మాయి పెళ్లి పనుల్లో తీరిక లేక, సీల్ వేసిన రెడీమేడ్ కప్పులు వంద ఆన్‌లైన్‌లో తెప్పించాను. ఒక్కోటి 12 రూపాయలు పడింది. పైరేకు కింద రూపాయి బిళ్లంత అప్పం (పల్చటి పులియని రొట్టె బిళ్ల), రెండో రేకు కింద గుక్కెడు ద్రాక్షరసం.

రసం బాగుంది. ఒక్క కప్పు కూడా కారలేదు. అప్పం మాత్రం నోట్లో కాగితంలా ఉంది.

ఇబ్బంది రేకు దగ్గర వచ్చింది. పత్తి ఏరి, నాట్లు వేసి గోళ్లు అరిగిన మా పెద్దమ్మలకు దాని అంచు దొరకలేదు. ప్రార్థనలో ఉండాల్సిన సమయంలో చర్చంతా చిటపట చప్పుడు. కొందరు తాగేశారు, కొందరు ఇంకా రేకుతోనే తిప్పలు పడుతున్నారు. తొలినాటి కొరింథు సంఘంలో కొందరు ముందే తినేసి లేనివాళ్లను ఆకలితో ఉంచినప్పుడు, ఒకరి కోసం ఒకరు ఆగండని అపొస్తలుడైన పౌలు రాసింది ఈ భోజనం గురించే కదా!

ఇంకో సంగతి నన్ను ఆ రోజంతా వదల్లేదు. ఈ కప్పులో విరవడానికి ఏమీ లేదు. సిలువ మీద క్రీస్తు బలి ఒక్కసారే జరిగిందని బైబిల్లోని హెబ్రీ పత్రిక 10వ అధ్యాయం చెబుతుంది. మేం బల్ల దగ్గర మళ్లీ బలి ఇవ్వం, జ్ఞాపకం చేసుకుంటాం. పాస్టరుగారి చేతుల్లో రొట్టె విరిగినప్పుడే ఆ బలి మా కళ్లకు కడుతుంది. నల్లగొండలో మా చెల్లెలి అత్తగారివాళ్లది ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్) గుడి. బలి గురించి వాళ్ల బోధ వేరు, వాళ్లు తీసుకునేదీ అప్పమే. అయినా అక్కడ ఫాదర్‌గారు పెద్ద అప్పాన్ని అందరి ముందూ విరుస్తారు.

రొట్టె ఒక్కటే కాబట్టి అనేకులమైన మనం ఒక్క శరీరమని కూడా పౌలే అన్నాడు. కూలికి పోయేవాళ్లు, కూలి ఇచ్చేవాళ్లు ఒకే రొట్టెలోంచి తుంచుకోవడం మా ఊళ్లో చాలా పెద్ద సంగతి. ఎవరి కప్పు వాళ్లకిస్తే అదెక్కడుంటుంది?

మిగిలిన 17 కప్పులు దాచాను. మంచం పట్టిన ఇద్దరు ముసలమ్మల ఇళ్లకు, ఒకసారి మహబూబ్‌నగర్ ఆసుపత్రికి పట్టుకెళ్లాం. దానికైతే చాలా బాగున్నాయి, చిందవు, గిన్నెలు మోయక్కర్లేదు. రేకు నేనే తీసి వాళ్ల చేతికిచ్చాను. అలాంటి అవసరానికి చిన్న ప్యాకెట్ కొనుక్కోండి. ఆదివారం బల్లకు మాత్రం వద్దు. 5కి 3 ఇస్తున్నాను. ఈ శనివారం రాత్రి మళ్లీ పిండి కలుపుతున్నా.