థార్‌కి 285 టైర్లు, రెండంగుళాల లిఫ్ట్: 41 వేల కిలోమీటర్ల తర్వాత

2023 ఫిబ్రవరిలో విజయవాడ ఆటోనగర్‌లో నా మహీంద్రా థార్‌ని రెండంగుళాలు లేపించి, కంపెనీ 255/65 ఆర్ 18 టైర్లు తీసేసి 285/65 ఆర్ 18 వేయించాను (మొదటి అంకె టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో). రిమ్ములు తొమ్మిదంగుళాల వెడల్పు, ఆఫ్‌సెట్ మైనస్ 12, అంటే చక్రం బండి బయటికి జరిగి కూర్చుంటుంది. స్టెప్నీతో సహా ఐదు చక్రాలు, లిఫ్ట్ కిట్టు, కూలీ మొత్తం 2.6 లక్షలు దాటింది. ఇంట్లో చెప్పిన లెక్క వేరు.

చూపులకైతే వంక పెట్టడానికి లేదు. బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర బైకు కుర్రాళ్లు "అన్నా, ఎంతైంది?" అని అడుగుతుంటే మొదటి రెండు నెలలూ హాయిగానే ఉండేది.

మొదటి వారంలోనే స్టీరింగ్ పూర్తిగా తిప్పితే టైరు బర్రుమని రాసుకునేది. మేస్త్రీ వీల్ ఆర్చ్ లోపలి ప్లాస్టిక్‌కి సుద్దముక్క దట్టంగా పూసి, స్టీరింగ్ ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పమన్నాడు. దిగి చూస్తే అరచేతంత మేర సుద్ద చెరిగిపోయి ఉంది. అక్కడివరకే వేడిచేసి లోపలికి నొక్కి, అంచు కాస్త కోశాడు. మళ్లీ రాసుకోలేదు.

టైరు వ్యాసం 789 మిల్లీమీటర్ల నుంచి 828కి, అంటే దాదాపు 5 శాతం పెరిగింది. మీటరు ఆ మేరకు తక్కువ చూపిస్తుంది. కాజ టోల్‌గేట్ దాటాక హుషారుగా తొక్కేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. మైలేజీ 12 నుంచి 10కి పడిందని ఆరు నెలలు ఏడ్చాను. కిలోమీటర్లు కూడా తక్కువే తిరుగుతున్నాయి కదా, నిజానికి పదిన్నర వస్తోందని తర్వాత బుర్రకెక్కింది. ఆ లెక్కన పైన రాసిన 41 వేలు అసలు 43 వేలు.

ఇంత ఎత్తు లేపి ఏం సాధించావంటే, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు పాల ప్యాకెట్లు, నీళ్ల సీసాలు వేసుకుని సింగ్‌నగర్ వైపు వెళ్లాను. నీళ్లు చక్రం మధ్యనుండే హబ్ దాటగానే వెనక్కి తిప్పేశాను. లిఫ్ట్ బాడీని లేపుతుంది గానీ వెనక ఇరుసును కాదు. ఇరుసు లేచేది టైరు పెరిగినదాంట్లో సగమే, నా బండిలో 2 సెంటీమీటర్లు. ఆ 2 సెంటీమీటర్లకి అంత డబ్బా అని మా ఆవిడ అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

అసలు దెబ్బ బేరింగుల దగ్గర తగిలింది. 31 వేల దగ్గర, గుంటూరు నుంచి వస్తుంటే, 60 దాటగానే ముందు ఎడమవైపు గూ మని ఒకటే రొద. మట్టి దారుల టైర్ల చప్పుడే అనుకుని నెలరోజులు పట్టించుకోలేదు. మేస్త్రీ జాకీ ఎత్తి చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే టక్ టక్‌మంది. నాలుగు నెలలకి కుడివైపుదీ పోయింది. "టైరు పెద్దదని కాదు బాబూ, చక్రం బయటికి పొడుచుకొచ్చింది. నీళ్ల బిందె చంకన పెట్టుకుని మోయడం వేరు, చెయ్యి చాపి మోయడం వేరు" అన్నాడు. మైనస్ ఆఫ్‌సెట్ గురించి నేను చూసిన వీడియోలన్నీ కలిపి ఇంత బాగా చెప్పలేదు. వానాకాలం ఆ పొడుచుకొచ్చిన టైరే బురదను అద్దాల దాకా, పక్కన పోయే బైకుల మీదకీ చిమ్ముతుంది. వాళ్లు తిట్టే తిట్లు న్యాయమైనవే.

కంపెనీ స్పెసిఫికేషన్ దాటి బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది, 2019లో సుప్రీంకోర్టు కూడా అదే తేల్చింది. ఒక్కో మార్పుకి 5 వేల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా పడొచ్చు. కిట్టు అమ్మినవాళ్లు ఈ మాట ఎత్తలేదు, నేనూ అడగలేదు. రేపు ఇన్సూరెన్స్ క్లెయిమ్ అవసరమైతే ఏమంటారోనన్న టెన్షన్ మాత్రం ఉంది.

అమ్మకి మోకాళ్ల నొప్పులు. శుక్రవారం గుడికి తీసుకెళ్లాలంటే డిక్కీలోంచి ప్లాస్టిక్ స్టూలు తీసి వేయాలి. "ఏరా, నిచ్చెన కూడా కొనకపోయావా" అంటుంది. సైడ్ స్టెప్ వేయించేదాకా అదే తంతు.

మళ్లీ చేయిస్తే లిఫ్ట్ ఉంచుకుంటాను. టైరు 265కి దించి, రిమ్ములు మాత్రం కంపెనీ ఆఫ్‌సెట్‌కి దగ్గరగా ఉన్నవే తీసుకుంటాను. ఈలోగా పాత చక్రాలే ఎక్కిద్దామని మొన్న డాబా మీదికి వెళ్లాను. అమ్మ వాటిమీద చెక్క పలక పరిచి వడియాలు పెట్టింది. ఎండేదాకా ముట్టుకోవద్దంది.