10 రూపాయల స్టాంపుతో సమాచార హక్కు: వాడి చూసిన మీదట

విజయవాడలో మా వీధి సైడు కాలువ కట్టి ఏడాది తిరగకముందే గోడలు బీటలు వారడంతో, ఆ పని అంచనా పత్రం, ఎం.బుక్కు (చేసిన పని కొలతలు నమోదు చేసే పుస్తకం) నకళ్లు ఇవ్వమని కోరుతూ సంబంధిత కార్యాలయానికి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టాను. 2005 అక్టోబరు 12 నుంచి పూర్తిగా అమల్లో ఉన్న ఈ చట్టం, ఒక సేవగా చూస్తే సామాన్యుడికి ఎంతవరకు అక్కరకు వస్తుందో ఆ అనుభవంతో రాస్తున్నాను.

దరఖాస్తు పెట్టడం వరకు వంక పెట్టడానికి లేదు. మన రాష్ట్రంలో గ్రామస్థాయి కార్యాలయాలకు రుసుము లేదు. మండలస్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. తెల్లకాగితం మీద తెలుగులో రాసి కోర్టు ఫీజు స్టాంపు అంటిస్తే చాలు, ఎందుకు అడుగుతున్నామో చెప్పనక్కరలేదు. అయితే టపా సెక్షన్‌లో రసీదు ముద్ర వేయించుకోవడానికే నాకు ఒక పూట పట్టింది కనుక, స్పీడ్ పోస్టే మేలు.

30 రోజులు గడిచినా జవాబు లేదు. పై అధికారికి మొదటి అప్పీలు చేశాక, 52వ రోజున, పేజీకి 2 రూపాయల చొప్పున కట్టి నకళ్లు తీసుకెళ్లమని ఉత్తరం వచ్చింది. గడువు దాటితే సమాచారం ఉచితంగానే ఇవ్వాలని 7(6) సెక్షన్ చెబుతోందని తిరిగి రాశాకే అవి చేతికందాయి.

అసలు లోపం శాసన రచనలోనే ఉంది. సమాచార అధికారికి 30 రోజులు, మొదటి అప్పీలు తేల్చడానికి 30 నుంచి 45 రోజులు, రెండో అప్పీలు వేసుకోవడానికి పౌరుడికి 90 రోజులు అంటూ ప్రతి మెట్టుకూ గడువు కట్టినవారు, ఆ రెండో అప్పీలును సమాచార కమిషన్ ఎన్నాళ్లలో తేల్చాలో మాత్రం రాయలేదు. జరిమానా రోజుకు 250 రూపాయలు, మొత్తం 25,000 మించకూడదు. అంటే 100 రోజులు దాటాక ఎంత ఆలస్యమైనా అధికారి జేబుకు కొత్తగా పడే చిల్లు లేదు. మొదటి అప్పీలును మూలన పడేసిన పై అధికారికి ఆ జరిమానా కూడా లేదు.

నేను ఎక్కువ మార్కులు వేసేది 2(జె) సెక్షన్‌కు. కాగితాలే కాక, జరిగిన పనిని స్వయంగా తనిఖీ చేసే హక్కునూ, వాడిన సామగ్రి నమూనా తీసుకునే హక్కునూ అది ఇస్తోంది. నాకిచ్చిన ఎం.బుక్కు నకలులో కొలతలన్నీ అంచనాతో చక్కగా సరిపోయాయి కాబట్టి, ఈసారి దరఖాస్తు కాలువ గోడ కాంక్రీటు నమూనా కోసం పెడుతున్నాను.