తాయ్‌చీనా, ఐకిడోనా: మనసు నిలకడకు ఏది?

మనశ్శాంతి కోసం యుద్ధకళ నేర్చుకుంటామనేవాళ్లకు నేను చెప్పేవి ఈ రెండే: చైనాలో పుట్టిన తాయ్‌చీ, జపాన్‌లో మొరిహెయ్ ఉయెషిబా (1883–1969) రూపుదిద్దిన ఐకిడో.

తాయ్‌చీ ఎక్కువగా ఒంటరి సాధన. మోకాళ్లు కాస్త వంచి, బరువంతా నెమ్మదిగా ఒక కాలి మీదికి తెచ్చి, తేలికైన రెండో కాలిని ముందుకు వేయాలి. మనసు ఎక్కడుందో ఆ ఒక్క అడుగులోనే తెలిసిపోతుంది. ఆలోచన పక్కకు పోయిందంటే అడుగు దబ్బున పడుతుంది, భుజాలు లేస్తాయి, ఊపిరి బిగుస్తుంది. 1956లో కూర్చిన 24 భంగిమల వరుసకు కొద్ది నిమిషాలు చాలు, పెద్ద వయసువాళ్లూ చేయగలరు.

ఐకిడోలో పరీక్ష పెట్టేది ఎదుటి మనిషి. మణికట్టు గట్టిగా పట్టుకోగానే చెయ్యి లాగేసుకోవాలనిపిస్తుంది. లాగితే ఆ పట్టు ఇంకా బిగుస్తుంది. లాగకుండా, అతని బలం వస్తున్న వైపే తిరిగి పక్కన నిలబడితే ఇద్దరూ ఒకే దిక్కుకు చూస్తుంటారు, పెనుగులాట ఉండదు. తర్వాత వంతు మారుతుంది: మీరు పట్టుకోవాలి, అతను పడేస్తే మీరు పడాలి. దెబ్బ తగలకుండా పడటం నేర్చుకున్నాకే భయం తగ్గుతుంది. చాలా శాఖల్లో పోటీలు కూడా ఉండవు.

టెన్షన్, నిద్రలేమి బాధిస్తుంటే తాయ్‌చీ మేలు. కోపమే సమస్యైతే నా ఓటు ఐకిడోకే, ఎందుకంటే ఒంటరిగా ఉన్నప్పుడు శాంతంగా ఉండటం ఎవరికైనా తేలికే. నడుం నొప్పి ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్‌ని అడగకుండా ఐకిడోలో చేరొద్దు.