సిడ్నీ ఒపెరా హౌస్: కట్టడం అద్భుతం, సీటు మాత్రం చూసుకుని కొనండి

సిడ్నీ ఒపెరా హౌస్‌లో షో చూద్దామనుకునేవాళ్లకి ముందే చెప్పేస్తున్నాను: టికెట్లు వాళ్ల సొంత వెబ్‌సైట్‌లో తప్ప ఇంకెక్కడా కొనకండి.

మా బావమరిది సిడ్నీలోనే ఉద్యోగం చేస్తున్నాడు. మేం వస్తున్నామని ముచ్చటపడి, గూగుల్‌లో పైన కనిపించిన ఏదో రీసేల్ సైట్‌లో ఇటాలియన్ ఒపెరాకి (పాటలతోనే సాగే నాటకం) నాలుగు టికెట్లు తీశాడు. ఒక్కొక్కటి 164 ఆస్ట్రేలియన్ డాలర్లు. తీరా హాల్లోకి వెళ్తే సీట్లు పక్క గోడ దగ్గర. స్టేజీ ఎడమవైపు మూడో వంతు కనపడనే కనపడదు. పాటకి అర్థం పైన తెర మీద ఇంగ్లీషులో వేస్తారు, అది చూడాలంటే ముందుకి వంగి మెడ తిప్పాలి. టికెట్ తీసి చూస్తే అసలు ధర 79 డాలర్లు, కిందనే చిన్న అక్షరాల్లో స్టేజీ పూర్తిగా కనిపించదని ఉంది. కొనేటప్పుడు ఆ సైట్ ఈ ముక్క ఎక్కడా చెప్పలేదు. సిడ్నీ ఉన్న న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో షో టికెట్లని అసలు ధర మీద పది శాతానికి మించి తిరిగి అమ్మకూడదని చట్టమే ఉంది. అయినా ఇంత ధైర్యం! పాపం బావమరిది ఇంటర్వెల్ దాకా ఎవరితోనూ మాట్లాడలేదు. మా ఆవిడ ఎంత సముదాయించినా వాడి మొహం తేలిక పడలేదు. అక్కడ పనిచేసే ఒకమ్మాయి, మా అమ్మ మెడ నొక్కుకోవడం చూసి తనే వచ్చి, మధ్య వరసలో ఖాళీగా ఉన్న సీట్లో కూర్చోబెట్టింది. ఆ పిల్లకి ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.

అంత పేరున్న చోట ఇలాంటి సీట్లు ఎందుకున్నాయో మర్నాడు గైడెడ్ టూర్‌లో తెలిసింది. 1957లో పోటీలో గెలిచిన డెన్మార్క్ ఆర్కిటెక్ట్ యోర్న్ ఉట్జన్, పెద్ద హాల్‌ని ఒపెరాకీ సింఫనీకీ (పెద్ద వాద్యబృందం కచేరీ) రెండింటికీ పనికొచ్చేలా గీశాడు. కొత్త ప్రభుత్వంతో డబ్బు దగ్గర, డిజైన్ల దగ్గర గొడవలొచ్చి 1966లో వదిలేసి వెళ్లిపోయాడు. ఆ తర్వాత పెద్ద హాల్‌ని సంగీత కచేరీలకే ఇచ్చేశారు. అప్పటికే బిగించిన స్టేజీ యంత్రాలని కూడా పీకేశారు. నాటకాల కోసం అనుకున్న చిన్న హాల్లోకి ఒపెరా వచ్చి పడింది. అదే ఇప్పటి జోన్ సదర్లాండ్ థియేటర్, సుమారు 1,500 సీట్లు. స్టేజీ పక్కన జాగా లేదు, వాద్యకారులు కూర్చునే గుంట సగం స్టేజీ కిందకి పోయింది. పేరు ఒపెరా హౌస్, ఒపెరాకి మాత్రం ఇరుకు గది! 1973లో ప్రారంభమయ్యాక ఉట్జన్ ఒక్కసారి కూడా తిరిగి రాలేదు, 2008లో పోయాడు. ఇది విన్నప్పుడు నాకు నిజంగా బాధేసింది.

టూర్ గంటసేపు, మేం వెళ్లినప్పుడు మనిషికి 45 డాలర్లు. ఇది మాత్రం దండగ కాదు. దూరం నుంచి తెల్లగా కనిపించే కప్పు నిజానికి రెండు రంగుల పెంకులు. నిగనిగలాడే తెలుపు మధ్యలో, మెరుపు లేని మీగడ రంగు అంచుల్లో. కప్పు కిందకి దిగే చోట చేత్తో తాకి చూశాను, తెల్లవి కాస్త గరుకుగా ఉన్నాయి. స్వీడన్‌లో చేయించిన పెంకులు మొత్తం 10,56,006. గుల్లల్లా ఉండే ఆ కప్పు భాగాలన్నీ 75 మీటర్ల వ్యాసార్ధం ఉన్న ఒకే గోళం లోంచి కోసిన ముక్కల లెక్క. అందుకే వంపులు ఒకే రకం అచ్చుల్లో పోసుకుని పేర్చగలిగారు. లోపల ఏసీకి హార్బర్ నీళ్లే వాడతారట. ఖర్చు 10.2 కోట్ల డాలర్లయింది, అందులో ఎక్కువ భాగం లాటరీ టికెట్లు అమ్మి తెచ్చారు.

మామూలు టూర్‌లో సుమారు 300 మెట్లు ఉంటాయి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లుంటే మెట్లు లేని టూర్ అడిగి బుక్ చేయండి. రైళ్లూ ఫెర్రీలూ ఆగే సర్క్యులర్ కీ నుంచి నడిచి రావాలి, పది నిమిషాలు. ఎదురుగా కనిపించే ఆ మహా మెట్లు చూసి అమ్మ టెన్షన్ పడింది గానీ, కింద నుంచి లిఫ్టూ ఎస్కలేటర్లూ ఉన్నాయి. బాత్‌రూములు శుభ్రంగా ఉన్నాయి. బయట చిప్స్ ప్లేటు అప్పుడు 16 డాలర్లు, సీగల్ పక్షులతో జాగ్రత్త.



కచేరీలకిచ్చిన ఆ పెద్ద హాల్‌కి, అంటే కాన్సర్ట్ హాల్‌కి, 2022లో మరమ్మతులు పూర్తయ్యాయి. స్టేజీ పైన రేకుల్లాంటి కొత్త పలకలు కట్టారు, పదివేల పైచిలుకు గొట్టాలున్న ఆర్గన్ అనే వాద్యం ఎదురుగా ఉంటుంది. మేం వెళ్లినప్పుడు రిహార్సల్ జరుగుతోంది. రెండు నిమిషాలే నిలబడనిచ్చారు, ఒక్క వయొలిన్ మెల్లగా వాయిస్తున్నా వెనక వరస దాకా స్పష్టంగా వినిపించింది. ఒపెరాకి మధ్య సీట్లు దొరికితేనే కొనండి. దొరక్కపోతే ఆ డబ్బుతో ఇక్కడ సింఫనీ వినండి. ఫొటోలకి సాయంత్రం సర్క్యులర్ కీ నుంచి మాన్లీ వెళ్లే ఫెర్రీ ఎక్కి, వెళ్లేటప్పుడు కుడివైపు నిలబడితే చాలు.